కడుపు నిండిన బాతులు

"వాటికి మత్తు రొట్టె పెట్టేది నువ్వేనా?"

ట్రక్కు అద్దం మీద వేలితో టకటకా కొట్టి మరీ అడిగింది వెర్నా.

లోపల కాఫీ తాగుతున్న మనిషి అద్దం దించాడు. "నేనే మేడమ్. నా పేరు డ్వేన్."

"సిగ్గుగా లేదూ?"

"ఉంటుంది మేడమ్. పనిలోకి వచ్చేటప్పుడు ఇంట్లో పెట్టి వస్తాను."

వెర్నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

చెరువు మీద మంచు ఆ వారమే కరిగింది. మిన్నెసోటాలో మంచు కరిగితే చాలు, నల్ల మెడల అడవి బాతులు గుంపులుగా దిగుతాయి. దిగి కాలనీ గడ్డినంతా మేశాయి. మేసినదంతా కాలనీలోనే వదిలాయి. పిల్లలు ఆడుకునే మైదానంలో అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. దాంతో కాలనీవాళ్ళు మీటింగు పెట్టారు. అవి గుడ్లు పెట్టేలోగానే మత్తుపెట్టి పట్టించి, చంపించేయాలని తీర్మానించారు. వద్దని లేచింది ఒకే ఒక్క చెయ్యి, వెర్నాది. పక్కనే కూర్చున్న ఆమె భర్త లాయిడ్ కూడా చంపేయమనే చెయ్యెత్తాడు. అప్పటి నుంచి అతని కాఫీ అతనే పెట్టుకుంటున్నాడు.

వెర్నా ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. బాతులను కూడా బస్సు దగ్గర పిల్లల్ని పిలిచినట్టే పిలుస్తుంది. "రండి రండి, తోసుకోకండి, వెనకవాళ్ళకి చోటివ్వండి!" వాటిలో కుంటిది ఒకటుంది. దాని జత దాన్ని వదిలి ఎటూ పోదు. ఆ రెండూ అంటే ఆమెకు ప్రాణం.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్తావా?" అంది డ్వేన్‌తో.

"అడగండి."

"కడుపు నిండిన బాతు నీ మందు తింటుందా?"

"తినదు మేడమ్. ఆకలి మీదుంటేనే తింటుంది."

ఆమెకు ఆ మాట చాలు. మర్నాడు పొద్దున్నే రెండు చేతులా రొట్టె సంచులతో చెరువు దగ్గర దిగింది. బాతులకు తిండి వేయరాదని అక్కడ పెద్ద బోర్డుంది. సరిగ్గా దాని కిందే నిలబడి వేయడం మొదలుపెట్టింది.

డ్వేన్ ట్రక్కు దిగి వచ్చాడు. వెర్నా నడుం మీద చెయ్యి వేసుకుని పోట్లాటకు సిద్ధమైంది.

"ముక్కలు అంత పెద్దవి వద్దు మేడమ్. గొంతుకు అడ్డం పడతాయి. బొటనవేలి గోరంత చాలు."

"ఏమిటీ, నన్ను ఆపవా?"

"ఆపమని నాకెవరూ చెప్పలేదు. కాకపోతే నీళ్ళ పక్కన వేయకండి. ఇలా పైకి, గడ్డిలోకి రానివ్వండి. నానిన రొట్టె మంచిది కాదు."

పాపం, ఇతనికీ బాతులంటే ఇష్టమే, పొట్టకూటి కోసం చేస్తున్నాడు అనుకుంది వెర్నా. మర్నాడు అతని కోసం దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె చేసి తెచ్చింది.

మొదట్లో బాతులు దూరంగా నిలబడి బుసకొట్టేవి. రెండు మూడు రోజులు గడిచేసరికి ఆమె బూట్ల మీద నుంచే నడిచి వెళ్తున్నాయి. కుంటిది ఆమె చేతిలోంచే తింటోంది. దాని జత మాత్రం ముందు దాన్ని తిననిచ్చి, ఆ తరవాత తాను తింటుంది. రోజూ ఆ పక్కనే బెంచీ మీద కూర్చుని డ్వేన్ అంతా చూస్తూ ఉండేవాడు.

"ఇంకా ఎందుకు పట్టలేదని మీ ఆఫీసువాళ్ళు అడగరూ?"

"అడుగుతున్నారు. కొంచెం ఆగమన్నాను."

"నువ్వు మంచివాడివోయ్. నీ ముఖం చూస్తే అలా అనిపించదు గానీ."

వారం తిరిగేసరికి గోల్ఫ్ మైదానంలోని బాతులు కూడా వచ్చాయి. చర్చి వెనక మడుగులోవి వచ్చాయి. వెర్నా బేకరీలో మిగిలిన రొట్టెలన్నీ ఊడ్చుకొచ్చింది.

"చూశావా! ఊళ్ళో బాతులన్నిటికీ టిఫిను నా దగ్గరే. ఇక నీ మందు ఎవరు తింటారోయ్?"

ఆమె తెచ్చిన తీపి రొట్టెను డ్వేన్ ఆ రోజు ముట్టుకోలేదు.

శుక్రవారం కూడా వెర్నా ఎప్పటి వేళకే వచ్చింది. కానీ బాతులు అరుచుకుంటూ ఎదురు రాలేదు.

గడ్డి నిండా నల్ల మెడలు వాలిపోయి ఉన్నాయి. చేతి తొడుగులు వేసుకున్న మనుషులు వాటిని ఒక్కొక్కటే ఎత్తి పెట్టెల్లో పెడుతున్నారు. కుంటిది అప్పటికే ఒక పెట్టెలో ఉంది. దాని జతకు ఇంకా పూర్తిగా మత్తెక్కలేదు. తూలుతూ, పడుతూ, లేస్తూ ఆ పెట్టె దగ్గరికే నడుస్తోంది.

"రండి," అంది వెర్నా సంచీలో చెయ్యి పెట్టి. "రండమ్మా, తోసుకోకండి."

ఒక్కటి కూడా తలెత్తలేదు. ఆమె చేతిలోని రొట్టె ముక్కలు కింద పడిపోయాయి. తడి గడ్డి మీదే కూలబడి, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా బిగ్గరగా ఏడ్చింది.

డ్వేన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్న కడుపునిండా పెట్టాను కదా. ఎలా తిన్నాయి?"

"తెల్లారేసరికి మళ్ళీ ఆకలేస్తుంది మేడమ్. మీకన్నా ముందు వచ్చాను."

"నాదే తప్పు. ఒక్క గంట ముందు వచ్చి రొట్టె వేసి ఉంటే అన్నీ బతికేవి."

మత్తు రొట్టె వేసే ముందు వారం రోజులు అదే చోట ఉత్త రొట్టె వేసి బాతులను నమ్మించాలనీ, ఈసారి ఆ పనంతా ఆమే చేసిపెట్టిందనీ చెప్పడానికి డ్వేన్‌కు నోరు రాలేదు.