స్పెల్లింగు వచ్చిన అభిప్రాయం

“మళ్ళీ ఒక ఆర్ మింగేశావు నాన్నా!”

కూతురు ఎర్రపెన్ను ఎత్తింది. తండ్రి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, తను రాసిన మాటని పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు.

అరేంజ్డ్. మొన్న అందులో ఎన్ ఎటో పోయింది. నిన్న జీ బదులు జే వచ్చి కూర్చుంది. ఇవాళ రెండు ఆర్‌లలో ఒకటి గల్లంతు.

ఆయన బోర్డులు రాస్తాడు. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ముప్పై ఏళ్ళుగా ఆయన కుంచె రాసినవే. కాగితం మీద ఏది ఇస్తే అది, చుక్క తేడా లేకుండా దించేస్తాడు. ఆ ఇంగ్లీషుకి అర్థం అడిగితే మాత్రం కుంచె కడుక్కునే నెపంతో లేచిపోతాడు.

ఇప్పుడు బస్సు డిపోలో పెద్ద పెయింటరు ఉద్యోగం పడింది. దానికో ఇంగ్లీషు పరీక్ష. పరీక్షలో ఒక వ్యాసం. ఏదో విషయం ఇస్తారు, దాని మీద మన అభిప్రాయం పద్ధతిగా రాయాలి. అందుకని రోజూ సాయంత్రం, మందుల దుకాణం మేడ మీద నడిచే క్లాసుకి వెళ్తున్నాడు.

“పద్ధతిగా అంటే?” అని మొదట్లోనే అడిగాడు.

“ఇస్త్రీ చేసిన ఇంగ్లీషు నాన్నా. ముందు నీ అభిప్రాయం. తర్వాత రెండు కారణాలు. ఆ తర్వాత ఎదుటివాళ్ళ మాట కూడా మర్యాదగా చెప్పాలి. చివరికి మళ్ళీ నీ మాటే నెగ్గాలి.”

“ఓహో, మీ అమ్మ మాట్లాడినట్టు. మర్యాద ఒక్కటి తీసేసి.”

వంటింట్లో ఒక గిన్నె గట్టిగా చప్పుడు చేసింది.

ఆ రోజునించీ ఇంట్లో ఇదే గోల. “ఇన్ మై ఒపీనియన్, కూరలో ఉప్పు తక్కువ” అంటాడు భోజనం దగ్గర. “ఆన్ ది అదర్ హ్యాండ్...” అని ఎత్తుకునేలోగా తల్లి ఉప్పు డబ్బా ఆయన ముందుకు తోస్తుంది.

“ఆ రెండో చెయ్యి ఖాళీగానే ఉందిగా. వేసుకోండి.”

చదువు సంగతి అలా ఉండగా, ఆయనకి కొత్తగా మతిమరుపు పట్టుకుంది. క్లాసుకి ఒకరోజు కళ్ళజోడు మరిచిపోతాడు, ఒకరోజు గొడుగు, ఒకరోజు ఏకంగా నోటుపుస్తకమే. కూతురు పట్టుకుని పరుగెత్తాలి. మేడ మెట్ల దగ్గర ఇంగ్లీషు మాష్టారు ఎదురొచ్చి అందుకునేవాడు. పెళ్ళికాని కుర్రాడు, నెమ్మదస్తుడు. గొడుగు అందుకోవడానికి రానురాను పావుగంట పట్టసాగింది. మూడు నెలలు తిరిగేసరికి, చేసుకుంటే ఒకరినొకరే చేసుకోవాలని ఇద్దరూ అనేసుకున్నారు.

ఇంట్లో చెప్పడమెలా? ఎదురింటి అమ్మాయి మనసిచ్చినవాణ్ణి చేసుకున్నప్పుడు ఈయన ఒక్క మాటే అన్నాడు.

“పెళ్ళంటే పెద్దవాళ్ళు కుదర్చాలి.”

ఆయన ఏ మాటా రెండోసారి చెప్పే మనిషి కాదు.

మాష్టారికే ఉపాయం తట్టింది. పరీక్షకి ముందు ఆఖరి వ్యాసం అందరూ క్లాసులో పైకి చదవాలి. ఇంటివాళ్ళు కూడా రావచ్చు. విషయం: ప్రేమ పెళ్ళి మేలా, పెద్దలు కుదిర్చిన పెళ్ళి మేలా? ప్రేమ పెళ్ళే మేలని పదిమందిలో ఆయన నోట అనిపిస్తే, అక్కడికక్కడే అసలు సంగతి బయటపెట్టొచ్చు. అన్న మాట ఆయన వెనక్కి తీసుకోడు. అనిపించలేకపోతే మాత్రం, ఆ తలుపు మూసుకున్నట్టే.

అనిపించే పని కూతురిది.

“నాన్నా, ఈ అరేంజ్డ్ అన్న మాట నీకిక రాదు. పక్షం మార్చెయ్. ప్రేమ పెళ్ళి వైపు రాయి. లవ్ అంటే నాలుగే అక్షరాలు.”

“నా అభిప్రాయం అది కాదు కదమ్మా.”

“పరీక్షలో మనకి స్పెల్లింగు వచ్చిందే మన అభిప్రాయం.”

తండ్రి గోడకి ఆనించి ఆరబెట్టిన బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇరవై ఇంగ్లీషు అక్షరాల పేరు. ఒక్కటీ వంకర పోలేదు.

“నాలుగేనంటావా?”

“నాలుగే.”

“సరే. నీ మాట కాదనడమెందుకు?”

కూతురు నవ్వు దాచుకోవడానికి కింద లేని పెన్ను కోసం వంగింది.

ఆదివారం క్లాసు నిండిపోయింది. తల్లీ కూతురూ ముందు బల్ల మీద కూర్చున్నారు. తండ్రి ఆ రోజు ఏదీ మరిచిపోలేదు. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. ప్రేమించి చేసుకున్నవాళ్ళకి పోట్లాడుకున్నప్పుడు తిట్టుకోవడానికి పెద్దవాళ్ళు దొరకరు, కాబట్టి తొందరగా రాజీపడతారన్నది ఆయన మొదటి కారణం. క్లాసంతా గొల్లుమంది.

“మా నాన్నని ఇన్నేళ్ళూ అందుకేనా తిట్టింది!” అంది తల్లి, అందరికీ వినపడేలా.

చివరికి వచ్చేశాడు. ఇన్ కన్‌క్లూజన్, ప్రేమ పెళ్ళే మేలు. చప్పట్లు మోగాయి. ఆయన కాగితం మాష్టారి చేతికిచ్చి నిలబడ్డాడు.

మాష్టారు కూతురి వైపు చూశాడు. ఆమె లేచింది.

“నాన్నా, నీకో మాట చెప్పాలి...”

“ఉండమ్మా, ముందు ఆయన్ని దిద్దనీ. మాష్టారూ, వెనకవైపు కూడా ఉందండీ.”

మాష్టారు కాగితం తిప్పాడు. చేతిలో ఎర్రపెన్ను జారి కింద పడింది.

నీడలు దిద్దిన బోర్డు అక్షరాల్లో అక్కడ ‘డాటర్ అండ్ టీచర్ మ్యారేజ్, అరేంజ్డ్ బై ఫాదర్’ అని ఉంది, రెండు ఆర్‌లతో, ఎన్‌తో, జీతో, ఒక్క అక్షరం తప్పు లేకుండా.