అక్టోబర్ ముహూర్తం

"అక్టోబర్ ఆఖరి శనివారమా? చచ్చినా కుదరదు!"

లెన్ కుబియాక్ కాఫీ కప్పు ఠపీమని బల్ల మీద పెట్టాడు. పెళ్లి తేదీ చెబుదామని పొద్దున్నే మంచులో కారు నడుపుకుంటూ వచ్చిన కూతురు టెస్సా ముఖం చిన్నబోయింది.

"ఎందుకు కుదరదు నాన్నా?"

"అది బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ వారం తల్లీ! అవతల మన హెరన్స్ జట్టు ఫైనల్ ఆడుతుంటే, ఇవతల నేను మెడకి టై కట్టుకుని కూర్చోవాలా?"

పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తున్న మార్జీ ఫక్కున నవ్వింది.

"హెరన్సా? ఫైనలా? మన పెళ్లయ్యాక ఒక్క ఏడాదైనా మీవాళ్ల ఆట సెప్టెంబర్ దాటిందా?"

"ఈ ఏడాది దాటుతుంది."

"పోయినేడూ ఇదే అన్నావు. అంతకుముందూ ఇదే అన్నావు. ఫిబ్రవరిలో వాళ్ల ప్రాక్టీసు మొదలైతే చాలు, నీకు పూనకం వచ్చేస్తుంది."

లెన్ తగ్గే రకం కాదు. అతను నడిపే సిటీ బస్సు ఎక్కిన ప్రతివాళ్లకీ వారం రోజులుగా ఇదే చెబుతున్నాడు. చెప్పిందే చెబుతున్నా అతనికి ఒళ్లు పులకరిస్తూనే ఉంది.

"నీకేం తెలుసే! కొత్తగా ఎడమచేతి పిచర్ వచ్చాడు. వాడు విసిరితే బ్యాటు పట్టినవాడికి గాలి తగలడమే గానీ బంతి కనపడదు. బంతులు ఆపే మన షార్ట్‌స్టాప్ కుర్రాడి మోకాలు కూడా బాగైంది, గుర్రంలా పరిగెడుతున్నాడు. నిన్న ఫ్లోరిడాలో ప్రాక్టీసు ఆట ఎలా గెలిచారో విన్నావా? చితక్కొట్టేశారు!"

"ఎవరిని?" అంది మార్జీ.

"ఎవరినైతే ఏం?"

"కాలేజీ పిల్లల్ని."

"అయితే మాత్రం? కొట్టారా లేదా?"

టెస్సాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాన్నా, సూటిగా చెప్పు. నేను ముఖ్యమా, హెరన్స్ ముఖ్యమా?"

లెన్‌కి ఒక్కగానొక్క కూతురు. దానికోసం ప్రాణమైనా ఇస్తాడు. కానీ హెరన్స్ ఆడే ఫైనల్ ఒక్కటైనా చూడకుండానే అతని తండ్రి కన్నుమూశాడు. తనకీ తల నెరిసింది. తీరా జట్టు గెలిచే ఏడాదే టీవీ ముందు తను లేకపోతే ఆ బాధ జన్మలో తీరదు.

"నువ్వే ముఖ్యం తల్లీ. అందుకే బతిమాలుతున్నా. సెప్టెంబర్‌లో పెట్టుకోండి. పోనీ నవంబర్‌లో. ఏ రోజైనా సరే, చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుని అందరికంటే ముందు వస్తా."

"సెప్టెంబర్‌లో ఆ చోటు వాళ్లు ఇవ్వరు. నవంబర్‌లో చలికి బిగుసుకుపోతాం. ఆరుబయట చోటు కదా."

"ఇంత పట్టుపడుతున్నావు, ఇంతకీ ఏమిటమ్మా ఆ చోటు?"

టెస్సా తల్లి వైపు చూసింది. ఇక చెప్పేయమన్నట్టు మార్జీ తలూపింది.

"చెప్పకుండా తీసుకెళ్లి నిన్ను ఆశ్చర్యపరచాలనుకున్నా నాన్నా. మన హెరన్స్ స్టేడియం! బ్యాటు పట్టుకుని నిలబడే చోటే, సరిగ్గా హోమ్‌ప్లేట్ దగ్గరే పెళ్లి."

లెన్ కుర్చీ వెనక్కి పడేలా లేచి గంతేశాడు. గరిటెతో సహా మార్జీని పట్టుకుని వంటగదంతా గిరగిరా తిప్పాడు.

"వదలవయ్యా, గుడ్లు మాడిపోతున్నాయి!"

"మాడనీవే! నా కూతురి చెయ్యి పట్టుకుని, ఆటగాళ్లు పరుగు పూర్తిచేసే దారిలోనే థర్డ్ బేస్ నుంచి హోమ్‌ప్లేట్ దాకా నడిపిస్తా! ఆ గడ్డి మీద అడుగుపెట్టాలని ఎన్నేళ్లుగా అనుకుంటున్నాను! అక్టోబరే ఖాయం. అల్లుడికి ఫోన్ కొట్టు. మా డిపోకీ ఫోన్ కొట్టు!"

సంతోషంతో అతని కళ్లు చెమర్చాయి. కూతురి బుగ్గలు రెండూ పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఆగాగు. ఆ రోజు ఫైనల్ మన స్టేడియంలోనే పడితే? అప్పటికప్పుడు వాళ్లు మనల్ని బయటికి పొమ్మంటే నీ పెళ్లి గతేంటి?"

"నేనూ ఆ భయంతోనే అడిగా నాన్నా" అంది టెస్సా. "జట్టు మేనేజరే స్వయంగా ఫోన్ తీసుకుని, 'నిశ్చింతగా ఉండమ్మా, ఆ రోజు మా కుర్రాళ్లందరూ ఖాళీయే, పిలిస్తే సకుటుంబంగా మేమే నీ పెళ్లికి వస్తాం' అన్నాడు."