సబ్బాతు కుర్చీ

మరమనిషి లేని ఇల్లంటూ గుంటూరు జిల్లాలో మిగల్లేదు. యూదుల వాడలో హోషేయ ఇంట్లోనూ ఒకటుంది, పేరు పావని. అది గారెలు వండితే హోషేయ లొట్టలేసుకుంటూ తినేవాడు. అది కబుర్లు చెబితే విరగబడి నవ్వేవాడు. చూసి చూసి అతని భార్య కెజియాకు కడుపు రగిలిపోయేది.

అందుకే ఆమెకు సబ్బాతంటే, యూదుల వారపు విశ్రాంతి దినమంటే ప్రాణం. శుక్రవారం పొద్దుగూకగానే పావని ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది. శనివారం చుక్కలు పొడిచేదాకా దాన్నెవరూ ముట్టరాదు, కదపరాదు. ముందుగానే వసారా మూలకు చేర్చడం హోషేయ పని. ఆ ఒక్క రోజూ మొగుడు పూర్తిగా తనవాడు.

ఈ శుక్రవారం కెజియా దీపాలు వెలిగించి వెనక్కి తిరిగేసరికి, పావని భోజనాల బల్ల దగ్గర, హోషేయ పక్కన, ఆమె కుర్చీలోనే ఆగిపోయి ఉంది.

"దీన్నిక్కడ వదిలేశావేందయ్యా! రేపటిదాకా నేనెక్కడ కూర్చోవాల?"

హోషేయ తల దించుకుని బల్ల మీది కంచాలు సర్దాడు.

సబ్బాతు నియమంలో ఒక్క సడలింపు ఉంది: మరిచిపోయి వదిలేసినదైతే, దానికి చెయ్యి తగలకుండా కుర్చీని వంచి కిందికి జార్చొచ్చు. కావాలని పెట్టినదైతే ఆ కుర్చీని కూడా ముట్టరాదు. ఆ నియమం ఇద్దరికీ తెలుసు.

కెజియా గొంతు తగ్గించింది. "మరిచిపోయావు గదా? ఆ ఒక్క మాట చెప్పు చాలు, కుర్చీ నేనే వంచుతా."

దీపాల ముందు హోషేయ అబద్ధమాడడు. మెల్లగా లేచి, వంటింట్లోంచి పీట తెచ్చి ఆమె ముందు వేశాడు.