ఎనెయిదా వండని తీపి చిక్కుళ్ళు

కళ్ళకు గంతలు కట్టి మా పండగ పాయసం తీపి చిక్కుళ్ళు ఒక్క చెంచా నోట్లో పెట్టండి చాలు, అవి ఏ ఇంటి కుండలోవో చెప్పేస్తాను. వండినావిడ ఆ పూట మొగుడితో పోట్లాడిందో లేదో కూడా చెబుతాను. మా ఓకోవా ఊరు మొత్తంలో ఈ విద్యలో నాకు పోటీ లేదు.

ఆ గుడ్‌ఫ్రైడే పొద్దున మాత్రం ఎదురింటి పోట్లాట చెంచాతో పని లేకుండానే తెలిసిపోతోంది.

"పొయ్యి వెలిగించవా ఏం?" అన్నాడు మిల్సియాదెస్ పెళ్ళాంతో.

"వెలిగించి? రుచి చూడకుండా వండమంటావా?" అంది ఎనెయిదా.

"రుచి నేను చూస్తాను."

"నువ్వా! ఉప్పు వేసిన కాఫీ తాగి బాగుందన్న నోరు నీది."

ఎనెయిదా కిందటి నవంబరులో ఆపరేషన్ చేయించుకుని కడుపు చిన్నది చేయించుకుంది. మోకాళ్ళ నొప్పులు పోయాయి, మనిషి సగమైంది. అంతా బాగానే ఉంది గాని, క్రిస్మస్ విందులో ఒక్క కేకు ముక్క తిని, ఒళ్ళంతా చెమటలు పట్టి, అందరి ముందూ కూలబడింది. తీపి ఎక్కువైతే ఆ కొత్త కడుపు ఒప్పుకోదట. అప్పట్నించీ చుట్టాలు ఆవిడ వస్తుంటే మిఠాయి పళ్ళెం దాచేస్తున్నారు. కూలబడ్డప్పుడు ఏడవని మనిషి, ఆ దాచడం చూసి ఏడ్చింది.

"పోనీ, చక్కెర తగ్గించి వండమని వీధివాళ్ళకి చెప్పరాదూ?" అన్నాడు మొగుడు.

"నా కడుపు కోసం వీధి వీధంతా చప్పిడి తినాలా? చచ్చినా అడగను. అడిగితే రోగిష్టిదాన్ని చేసి ఓ మూల కూర్చోబెడతారు. ఇక పండగంటే నాకు గోడవతలి సంగతే అవుతుంది."

మా వీధి పద్ధతి మీకు తెలియదేమో. గుడ్‌ఫ్రైడేకి ప్రతి ఇంట్లోనూ తీపి చిక్కుళ్ళు వండాలి. ఆ రోజూ ఇంటింటా పొయ్యి వెలిగింది, లవంగమూ కొబ్బరిపాలూ వీధంతా ఘుమఘుమలాడాయి. ప్రతి ఇంటి గిన్నే ప్రతి ఇంటికీ వెళ్ళాలి. వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపడమంటే మొహం మీద తలుపు వేసినట్టే. నాబోటి వంటరాని ముసలాడైనా అందులో నాలుగు మామిడిపళ్ళు పెట్టి పంపాల్సిందే.

ముందుగా పక్కింటి యోకస్తా గిన్నె వచ్చింది. ఎనెయిదా దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.

"తలుపు వెయ్యి," అంది మొగుడితో.

యోకస్తా చిక్కుళ్ళని తన మట్టిగిన్నెలోకి వంచింది. పైన పాలబిస్కెట్లు పేర్చి, ఎండుద్రాక్ష చల్లింది.

"ఇది మీ అక్కకి ఇచ్చిరా. నేనే వండానని చెప్పు."

"కసిల్దా అక్కకా! తొలి చెంచాకే పట్టేస్తుందే! పట్టిందంటే ఈస్టరు దాకా నా వీపు విమానం మోత."

"పట్టుకుంటే నీ మొహం చూసే పట్టుకోవాలి. గిన్నె ఇచ్చి పారిపోయి రా."

కాసేపటికి కసిల్దా ఇంటి గిన్నె వచ్చింది. దాన్నీ అలాగే వంచి యోకస్తాకి సాగనంపింది. మళ్ళీ కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరగడం మొదలెట్టింది.

ఇక్కడ నా గొప్పని కాస్త సర్దుకోవాలి. ముగ్గురి గిన్నెలూ నా బల్ల మీదికీ వచ్చాయి. మూడూ తిన్నాను. ఏది ఎవరిదో తెలిస్తే ఒట్టు! నేరం జలుబు మీదికి తోసి, మూడూ ఊడ్చేశాను.

మధ్యాహ్నం కసిల్దా ఊడిపడింది. భుజాన తడి తువ్వాలు, చేతిలో మూత పెట్టిన కాఫీకప్పు.

"ఏమే మరదలా! నీ చిక్కుళ్ళు తిన్నాను." అని ఆగింది.

కసిల్దా మాట మధ్యలో ఆగితే కోళ్ళు కూడా మేత మానేస్తాయి. మిల్సియాదెస్ మెల్లగా పెరటి గుమ్మం వైపు జరిగాడు.

"ఎక్కడికిరా? నిలబడు. ఈ ఏడు ఎంత కమ్మగా వండిందిరా నీ పెళ్ళాం! ఆ చెయ్యి ఆ చెయ్యే."

ఎనెయిదా తల దించుకుంది. "ఏదోలే వదినా."

"మరి నాది తిన్నావా?"

"తర్వాత తింటాను."

"ఆ మాట అంటావనే ఇంకో కప్పు తెచ్చాను. ఆడపడుచుని, నా కళ్ళ ముందు తినాలి."

తప్పించుకునే దారి లేదు. ఎనెయిదా డాక్టరు చెప్పినట్టు ముందు ఎండుచేప ముక్క తీరిగ్గా నమిలింది. ఆ తర్వాత కప్పులో చిన్న చెంచా ముంచింది. చిలగడదుంప ముక్క నాలుక మీద కరిగింది. లవంగం ముక్కులోకెక్కింది. చెంచా కింద పెట్టి, చెమట కోసం ఎదురుచూసింది. మొగుడూ ఆడపడుచూ ఆవిడ నుదుటి మీంచి చూపు తిప్పలేదు. కసిల్దా చేతిలో తువ్వాలు మెలికలు తిరుగుతోంది.

చెమట పట్టలేదు.

ఇంకో చెంచా. కాసేపాగి ఇంకోటి. ఆనక, "చాలు, నిండిపోయింది," అని తనే కప్పు పక్కకి జరిపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడుస్తావేమే, అంత అధ్వాన్నంగా ఉందా?"

"లేదు వదినా. నాకూ పండగొచ్చింది."

"వస్తే రానీ, దానికి ఏడుపెందుకు!" అని కసిరి, కసిల్దా గబగబా వెళ్ళిపోయింది.

గడియ పడగానే మొగుడూ పెళ్ళాం పగలబడి నవ్వారు. "మీ అక్కని బుట్టలో వేశాం చూశావా!" అంటుంటే నా వరండా దాకా వినబడింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ రోజు ఇంటింటా పొయ్యి వెలిగిందన్న మాట.

వీధంతటికీ వండింది కసిల్దా ఒక్కతే, సగం చక్కెరతో.