అనుబంధ ప్రశ్న

“జనరేటర్ పనిచేసిందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పమనండి అధ్యక్షా!”

ప్రతిపక్ష సభ్యుడు బల్ల చరిచాడు. సభలో అతన్ని అందరూ గంటాయన అంటారు. స్పీకర్ గంట కొడితే తప్ప కూర్చోడని ఆ పేరు.

ఆరోగ్య మంత్రి లేచి నిలబడింది. రాజకీయాల్లోకి రాకముందు ఆమె పిల్లల డాక్టరు. జనానికి ఇప్పటికీ డాక్టరమ్మే. చేతిలో అధికారులు తయారుచేసిన జవాబు ఉంది.

“పెద్దాసుపత్రిలో కరెంటు పోయిన రోజు జరిగిన సంఘటనపై విచారణ సాగుతోంది. నివేదిక అందాక తగిన చర్యలు తీసుకుంటాం.”

“నలుగురు పసిగుడ్లు పోతే సంఘటన అంటున్నారు అధ్యక్షా! వాళ్ళని కన్న తల్లులు అదిగో, పైన కూర్చున్నారు. వాళ్ళ మొహం చూసి చెప్పమనండి ఆ మాట!”

సభ్యులు తలలెత్తి సందర్శకుల వరుసల వైపు చూశారు. మంత్రి చూడలేదు. చదివిన వాక్యాన్నే మళ్ళీ చదివింది.

“మంత్రిగారు డాక్టరు కూడానట. పిల్లల నాడి పట్టిన ఆ చెయ్యి ఇప్పుడు కాగితాలు తప్ప ఇంకేం పట్టదా?”

అధికారపక్షం భగ్గుమంది. మాట వెనక్కి తీసుకోవాలని ఒకరు, క్షమాపణ చెప్పాలని ఇంకొకరు. స్పీకర్ గంట కొడుతూనే ఉన్నాడు. మంత్రి మొహంలో నెత్తుటిచుక్క లేదు. కుర్చీ చేతిని పట్టుకుని అలాగే నిలబడింది.

గోల సద్దుమణిగాక గంటాయన గొంతు తగ్గించాడు.

“నా అనుబంధ ప్రశ్న ఒక్కటే అధ్యక్షా. ఆ జనరేటర్ పాడైందనీ, కొత్తది కావాలనీ ఈ శాఖ ముందే అడిగిందా? అడిగితే వద్దన్నదెవరు?”

ముందు వరుసలో కూర్చున్న ప్రభుత్వాధినేత మెడ కాస్త తిప్పాడు. పార్టీలో అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి. వెనక నుంచి అధికారి ఒకడు హడావుడిగా చీటీ పంపించాడు. ‘వివరాలు సేకరిస్తున్నాం అని చెప్పండి.’ మంత్రి దాన్ని చదివి, మడిచి, బల్ల మీద పెట్టేసింది.

“అడిగాం అధ్యక్షా. రెండుసార్లు అడిగాం. రెండుసార్లూ ప్రభుత్వాధినేత కార్యాలయమే వద్దంది. ముందు ఆస్పత్రికి కొత్త ముఖద్వారం కట్టనివ్వండి, ప్రారంభోత్సవం అయ్యాక చూద్దామన్నారు.”

ఆ తర్వాత సభలో ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు.

*

పెద్దాయన గదిలో ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు.

“చీటీ అందలేదా?”

“అందింది సార్.”

“మరి?”

“సభలో సూటిగా అడిగాక అబద్ధం చెప్పకూడదు కదా సార్.”

“అడక్కపోయి ఉంటే?”

“అడక్కపోతే చెప్పే దారే లేదు.”

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు.

“ఆ గంటాయన గాడికి ఇవన్నీ ఎలా తెలిశాయి? మీ శాఖలోనే ఎవరో ఇంటిదొంగ ఉన్నారు. పట్టుకుని తీరతా.”

“పట్టుకోండి సార్.”

“ఈలోగా నీ రాజీనామా పంపించు. వెళ్ళు.”

బయట వరండాలో ఒక పిల్ల గోడకానుకుని ఉంది. పట్టుమని ఇరవై ఏళ్ళుండవు. మంత్రిని చూసి ముందుకొచ్చింది. గార్డు అడ్డం వెళ్ళబోతే మంత్రి వద్దని చెయ్యి ఊపింది.

“డాక్టరమ్మా, ఒక్క మాట అడగనా?”

“అడుగమ్మా.”

“మా పాపకి బాధ తెలిసుంటుందా?”

మంత్రి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

“లేదమ్మా. నిద్రలోనే పోయుంటుంది.”

ఆ పిల్ల సరేనన్నట్టు తలూపి, కొంగుతో మొహం తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఆమె నమ్మిందో లేదో గానీ, డాక్టరు నమ్మలేదు.

*

ప్రభుత్వం కారు అప్పుడే వెనక్కి తీసుకున్నారు. ఆటోలో ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. కళ్ళజోళ్ళ షాపు పెందలాడే మూసేసి వచ్చిన భర్త, గుమ్మంలోనే అందుకున్నాడు.

“షాపులో టీవీ ఆన్ చేసే ఉంది. వచ్చినవాళ్ళంతా నోరు తెరుచుకుని చూశారు. నలుగురిలో పెట్టి నిన్ను అలా కడిగేస్తాడా? ఆ నాడి మాట అన్నాడు చూడు, వాడి నోట్లో మన్ను పడ!”

“పోనివ్వండి. కాసిని మంచినీళ్ళు ఇవ్వండి.”

“పోనివ్వడమేంటి? పదవి ఊడింది. పార్టీలో నీ మొహం చూసేవాడుండడు. రేపు క్లినిక్ తెరిచినా, ఆ పిల్లల్ని చంపిన మంత్రి ఈవిడే అంటారు. అసలు వాడికి నీ మీద ఎందుకంత కక్ష?”

ఆమె నీళ్ళు తాగి టీవీ పెట్టింది. తెర మీద తన మొహమే. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. ఆస్పత్రులన్నిటికీ వెంటనే కొత్త జనరేటర్లు పంపాలని పెద్దాయన ఆదేశించారట. ఆయన దయాహృదయాన్ని ఎవరో పొగుడుతున్నారు.

ఆమె ఆ అక్షరాలు చివరిదాకా చదివింది. పైట చెంగు నోట్లో కుక్కుకుని వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ఆ నలుగురూ తిరిగి రారు.

భర్త కోపం చప్పున చల్లారిపోయింది. పక్కన కూర్చుని వీపు నిమిరాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది.

“నువ్వుండు, నేను మాట్లాడతా” అంటూ ఆమె చెయ్యి చాచేలోపే అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు పొద్దున టీవీలో విన్నదే. కానీ ఇప్పుడు అందులో అరుపు లేదు, బొంగురుపోయి ఉంది.

“మీరు రాసిచ్చిన ప్రశ్నలన్నీ అడిగేశానక్కా.”