ఎడమకు లాగే బండి

"ఎడమ టైరొక్కటే అరుగుతోందిరా బామ్మర్దీ. ఎన్ని మార్చినా అంతే," అన్నాడు బావ, లారీ దిగుతూ. "త్వరగా తేల్చు. ఇంట్లో కొత్త పెళ్ళాం అన్నం తినకుండా కూర్చుంటుంది."

మెకానిక్ నవ్వలేదు. అక్క పోయి ఏడాది కూడా కాలేదు. కొండ మలుపులో ఈ లారీ తలుపే తెరుచుకుని, పక్క సీట్లోంచి లోయలోకి జారిపోయిందని బావ చెప్పాడు. అందరూ నమ్మారు, తమ్ముడు తప్ప.

షెడ్డులో ఒక్క బల్బు వెలుగుతోంది. వేడి ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. మెకానిక్ జాకీతో చక్రం లేపి ఊపి చూశాడు. బేరింగు బిగువుగానే ఉంది. గాలి సరిగ్గానే ఉంది. అలైన్‌మెంటు తప్పితే ముందు టైర్లు రెండూ అరగాలి, కుడిది చూస్తే కొత్తదానిలా ఉంది. చివరికి కళ్ళు మూసుకుని ఎడమ టైరు మీద అరచేయి రాశాడు. ఇటు నుంచి అటు నున్నగా జారింది. అటు నుంచి ఇటు రంపంలా గీసుకుంది. పక్కకు ఈడ్చుకుపోతేనే టైరు అలా అరుగుతుంది. ఎవరో బండిని పక్కకు ఈడుస్తున్నారు.

"ఎక్కడ లాగుతోంది బావా?"

"మొదట్లో ఆ మలుపు దగ్గరే. ఇప్పుడు దారంతా. అక్కడికొచ్చేసరికి రెండు చేతులతో పట్టుకున్నా స్టీరింగు ఆగట్లేదు."

"తలుపు దానంతటదే తెరుచుకుందన్నావు కదూ?"

"ఇప్పుడా మాటెందుకురా? బండి సంగతి చెప్పు."

మెకానిక్ జాకీ దించి చేతులు తుడుచుకున్నాడు. "బండిలో ఏ లోపమూ లేదు. నిశ్చింతగా వెళ్ళు."

బావ ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఖాళీగా ఉన్న పక్క సీటు కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

మెకానిక్ అటువైపు కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఈసారి వదిలిపెట్టకు అక్కా," అన్నాడు మెల్లగా.