రేకుల మీది బండలు

"తొమ్మిది రేకులు పోయినాయని రాసినారు. కింద ఎనిమిదే కనపడతాండాయి," అంది ఉమాదేవి, నిచ్చెన మీదనుంచి.

"తొమ్మిదోది బయమ్మత్త చేన్లో పడింది మేడం," అన్నాడు తిప్పేష్, నిచ్చెన కాళ్లు రెండు చేతులా పట్టుకుని.

"చేన్లో కాదప్పా, నా బర్రె మీద," అంది పక్కింటి బయమ్మ గోడ అవతలనుంచి. "దానికీ ఇన్సూరెన్సు ఉంటే రాసుకోమ్మా."

ఉమాదేవి నవ్వలేదు. ఆమె ఇన్సూరెన్సు సర్వేయరు. గాలివానకు ఇల్లు దెబ్బతిన్నదని ఎవరైనా అర్జీ పెడితే వచ్చి చూసి, డబ్బు ఇవ్వొచ్చో లేదో రాయడం ఆమె పని. తిప్పేష్ బెళుగుప్పలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నాలుగేళ్ల కింద బ్యాంకు లోనుతో ఊరిబయట ఈ ఒంటిగది కట్టుకున్నప్పుడు, బ్యాంకువాళ్లే ఈ పాలసీ కూడా అంటగట్టారు. నాలుగు రోజుల కిందటి గాలివానతో గదికి ఆకాశమే కప్పయింది.

లోపల ఒక మంచం, ఒక కంచం, ఒక కుర్చీ. కుర్చీకి అంగట్లో చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా అట్లాగే ఉంది. ఆమె అందులో కూర్చోకుండా, నిలబడే తడిసిన సామాన్ల జాబితా రాసుకుంది.

"ఈ ట్రంకు పెట్టెలో ఏముంది?"

"బట్టలు. ఒక పట్టుచీర."

"నీకు చీర యాడిదప్పా?" అంది బయమ్మ, గోడ చుట్టి వాకిట్లోకి వచ్చి.

ఉమాదేవి 'పట్టుచీర, ఆకుపచ్చ' అని రాసుకుని, పెట్టె తెరవకుండానే దాటిపోయింది.

తిప్పేష్ టీ కాచి తెచ్చాడు. ఉన్నవి రెండే గ్లాసులు. ఆడవాళ్లిద్దరికీ ఇచ్చి తను ఊరకే నిలబడ్డాడు.

"మేడంకు చక్కెర ఎంత కావాలో అడగనేలేదే," అంది బయమ్మ.

"వేయలేదు," అన్నాడు తిప్పేష్.

ఉమాదేవి గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.

"ఒంటిమనిషికి మర్యాదలు యాడ తెలుస్తాయిలేమ్మా. పెండ్లి కాలేదో, అయ్యి పోయిందో, అడిగితే నేల చూస్తాడు. ఈ ఇంటికి ఎవరూ రారు. సిలిండరు కూడా మా ఇంటికాడే దించిపోతారు. నువ్వు మేలు, నిన్న అర్జీ పెడితే ఈ పొద్దే వస్తివి. మా తమ్మున్ని నెల తిప్పించుకున్నారు."

ఉమాదేవి గ్లాసు కింద పెట్టి, గోడ వెంబడి నడిచింది. అక్కడ పద్నాలుగు బండలు ఉన్నాయి. ఈ పక్క రేకుల ఇళ్లకు బండలే కావలి. హుక్కులు తుప్పుపట్టినా, పైన బండ ఉంటే రేకు అంత సులువుగా లేవదు.

"ఇవి కిందికి ఎట్లొచ్చినాయి?"

"గాలికి పడినాయి మేడం."

"పెద్దవి ఒకపక్క, చిన్నవి ఒకపక్క పేర్చి పోయిందా గాలి?"

తిప్పేష్ నేల చూశాడు. బయమ్మ ఊరుకోలేకపోయింది.

"మబ్బు పట్టినాక ఒక్కో బండ దించుతాంటే నేను చూడలేదా. ఏమప్పా అంటే, రేకులకు రంగు వేస్తా అనె." అని నాలుక కరుచుకుంది. "మంచోడమ్మా. రాయొద్దు తల్లీ. ఈ మూడు మండలాలకు నువ్వొక్కదానివే సర్వేయరంట, ధర్మంగా రాస్తావంట. పోయిన నెల్లోనే చెప్పినాడు."

ఉమాదేవి కలం ఆగింది.

"పోయిన నెల గాలివాన రాలేదు కదా."

"రాలేదు," అన్నాడు తిప్పేష్.

బర్రె అరిచింది. బయమ్మ సందు దొరికిందని లేచి వెళ్లిపోయింది. ఉమాదేవి మళ్లీ కలం ఎత్తింది.

"బండలు మీరే దించినారని రాయాల. రాస్తే దుడ్లు రావు."

"రాయండి."

"వానలు ముందర ఉండాయి. కప్పు లేకుండా యాడుంటారు?"

"ఈడనే."

"ఎందుకు దించినారు?"

అతను ఖాళీ గ్లాసులు రెండూ తీసుకున్నాడు. ఒకదానిలో ఒకటి పెట్టాడు. మళ్లీ విడదీశాడు.

"ఊరికే పిలిస్తే ఎవరొస్తారు మేడం."

ఉమాదేవి బండల సంగతి ఉన్నదున్నట్టు రాసింది. ఇక చివరి గడి మిగిలింది: పాలసీదారు సర్వేయరుకు ఏమవుతారు? చుట్టరికం ఏదైనా ఉంటే ఆ రిపోర్టు చెల్లదు. వేరే చోటినుంచి ఇంకో సర్వేయరు వచ్చి మొదటినుంచి చూడాలి. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లలో ఏ ఇంట్లోనూ ఆమె ఆ గడి దగ్గర ఆగలేదు. 'ఏమీ కారు' అని రాసి సంతకం పెట్టడమే.

కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు తీసి, మడిచి పక్కన పెట్టింది. కూర్చుంది. కాగితం ఒళ్లో పెట్టుకుంది.

'భర్త' అని రాసింది.